ఇరుసు, చీల, కందెన

మా పాఠశాల పత్రికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి పంపుడని ఉపాధ్యాయులు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. ఇక్కడనే అక్షరములు దిద్దుకొన్నవారమైనను, మేము బడి విడిచి ముప్పది యేండ్లు గడచినవి. పండుగలను గూర్చియు, మహాపురుషులను గూర్చియు వ్రాయుటకు మాకంటె సమర్థులు కలరు. మాకు తెలిసినది చేతిపని. కావున 2023వ సంవత్సరపు సంక్రాంతికి మా యింటి ముంగిట జరిగిన యొక పనిని, అందు మేము చేసిన తప్పులతో కూడ, ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము. ఇది కారు చక్రమును గూర్చిన కథ. విద్యార్థులకు కొంత పనికి రావచ్చును. తల్లిదండ్రులకు కొంత నవ్వు రావచ్చును.

మా పల్లె హోసూరు నుండి బాగలూరు పోవు దారికి లోపలగా నున్నది. మా నాయన వడ్రంగి. చుట్టుపట్ల పది పల్లెల యెద్దుబండ్లకు చక్రములు కట్టిన చేయి ఆయనది. ఎద్దుబండ్లు తగ్గిన పిదప తలుపులు, కిటికీలు చేసెను. అటుతరువాత కన్ను మందగించెను. పిమ్మట మూత్రపిండములు చెడెను. అప్పటినుండి వారమునకు రెండు పర్యాయములు, సోమవారమును, గురువారమును, హోసూరునకు తీసికొని పోయి డయాలిసిస్ చేయింపవలసి వచ్చెను. మా కారు ఆ పనికే యున్నదని చెప్పవచ్చును. అది 2008వ సంవత్సరపు మారుతి 800. ఆ జాతి కార్లు 1983 డిసెంబరులో మొదట వెలువడినవి. 2014 జనవరితో వాని తయారీ నిలిచిపోయినది. మూడు సిలిండర్ల యింజను, 12 అంగుళముల చిన్న చక్రములు. చిన్నదైనను, మా నాయన కాలు చాపుకొని కూర్చుండుటకు ముందు సీటు చాలియుండెను.

అంతకుముందు కార్తీక మాసపు వానలలో మా దారిలోని వంక పొంగినది. గురువారము తప్పదు గనుక, చక్రములు సగము మునుగునంత నీటిలో మేము కారును దాటించితిమి. రెండు నెలలు గడచిన పిదప వెనుకనుండి యొక మూల్గు వినవచ్చుట మొదలిడెను. మెల్లగా పోవునప్పుడు లేదు; నలుబది కిలోమీటర్ల వేగము దాటగానే తుమ్మెద రొదవలె మొదలై, వేగముతోపాటు హెచ్చుచుండెను. ఒక వర్కుషాపులో చూపించితిమి. టైర్లు అరిగినవనియు, అది వాని రొదయే ననియు వారు చెప్పిరి. రెండు క్రొత్త టైర్లు వేయించితిమి. డబ్బు పోయినది, రొద పోలేదు.

ఇక్కడ నొక చిన్న పరీక్షను చెప్పి ముందుకు పోయెదము. దానిని మేము ముందే చేసియున్నచో ఆ టైర్ల డబ్బు మిగిలియుండెడిది. టైరు రొద రోడ్డునుబట్టి మారును. నున్నని తారురోడ్డుపై నొక విధముగను, గులకరాతి రోడ్డుపై మరియొక విధముగను ఉండును. బేరింగు రొదకు రోడ్డుతో పనిలేదు, వేగముతోనే పని. గేరు తీసివేసి కారును వాలుకు వదలినను ఆ మూల్గు నిలువదు, కావున అది యింజనుదియు కాదు. మా కారు రొద అట్టిదే. వినుచునే యుంటిమి గాని యోచింపలేదు.

జనవరి 12వ తేది గురువారమున ఆస్పత్రినుండి తిరిగి వచ్చునప్పుడు ఆ మూల్గు గరగర శబ్దమయ్యెను. మా నాయన కన్నులు మూసికొనియే, "వెనక చక్రం ఏడస్తా ఉండాది. కందెన లేని బండి ఇట్లే ఏడ్సేది," అనెను. సుమతీ శతకమున కందెన ముచ్చట గల పద్యము కలదు గదా! అది నిజమునకు కరణములను గూర్చిన పద్యమే యైనను, మా యింటిలో తరతరములుగా అందరికి గుర్తున్నది అందలి బండి మాత్రమే.

మరునాడు విచారింపగా హోసూరులో మాకు తెలిసిన మెకానిక్కు లిద్దరును పొంగలు పండుగకు తమతమ ఊళ్లకు పోవుచుండిరి. బుధవారముగాని తిరిగి రారు. మా పల్లెలోని యొక్క బాడుగ కారు తిరుపతికి పోయియుండెను. పండుగనాటి బస్సులలో మా నాయనను నిలువబెట్టి తీసికొని పోవుట కాని పని. సోమవారము కనుమ. డయాలిసిస్‌కు కనుమ లేదు, సంక్రాంతి లేదు. కావున ఆ మూడు దినములలో మేమే విప్పి సరిచేయవలెనని నిశ్చయించుకొంటిమి. మేమనగా మేమును, తొమ్మిదవ తరగతి చదువుచున్న మా చిన్నవాడును.

శుక్రవారము సాయంకాలమే మొదటి తప్పు చేసితిమి. శబ్దము ఎడమ వైపునుండి వచ్చుచున్నట్లు మా చెవికి తోచినది. కారు నడుపువాడు కుడివైపున కూర్చుండును. కారు పెట్టె యంతయు రేకు. ఏ మూల మ్రోగినను ఎక్కడనో మ్రోగినట్లు వినబడును. ఈ సంగతి మాకు తెలియదు. వెంటనే ఎడమ వెనుక చక్రము విప్పితిమి. డ్రమ్ము సులువుగా ఊడి వచ్చెను. అప్పుడైనను అనుమానింపవలసినది! డ్రమ్ములోని రెండు బేరింగులను లోపలి వలయముమీద కడ్డీ నుంచి సుత్తితో కొట్టి వెలుపలికి తీసితిమి. తీసిన పిదప వ్రేలితో త్రిప్పి చూడగా గరగర మనెను. "దొరికెను దొంగ" అని సంతోషించితిమి.

మా నాయన మంచముపైనుండి దానిని తెప్పించుకొని, కిరసనాయిలుతో కడిగించి, చెవి యొద్ద త్రిప్పి చూచెను.

"దీన్ని చెడగొట్టింది నువ్వే కదప్పా," అనెను.

ఆయన చెప్పినది సత్యము. ఎట్లో విద్యార్థులకు వివరించెదము. బేరింగనగా రెండు ఉక్కు వలయములు, వాని నడుమ ఉక్కు గుండ్లు, ఆ గుండ్లు ఒకదానినొకటి ఒరసికొనకుండ పట్టియుంచు పలుచని పంజరము. మా కారు వెనుక చక్రములలో లోపలి వలయము ఇరుసును అంటి కదలకుండ నుండును. వెలుపలి వలయము డ్రమ్ములో బిగిసి దానితో తిరుగును. డ్రమ్ములో బిగిసియున్నది వెలుపలి వలయము. మేము కొట్టినది లోపలి వలయమును. అనగా సుత్తి దెబ్బ యంతయు గుండ్ల గుండా పోయినది. గుండు వలయమును తాకునది చుక్కంత చోటనే. ఆ చుక్క దగ్గర దెబ్బ తగిలి వలయములో గుంటలు పడినవి. మంచి బేరింగును మేమే చంపి, చచ్చినదని నిర్ధారణ చేసితిమి!

ఈ గుండ్ల యేర్పాటు క్రొత్తది కాదు. 1794లో వేల్సు దేశమందలి కార్మార్థెన్ పట్టణవాసి ఫిలిప్ వాన్ అను ఇనుప పనివాడు బండి యిరుసునకు గుండ్లు అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. అయితే గుండ్లన్నియు ఒకే కొలతలో లేనిచో పెద్ద గుండొక్కటే బరువంతయు మోసి పగులును. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణమున ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గుండ్లను ఒకే కొలతకు సానబట్టు యంత్రమును నిర్మించిన పిదపనే ఇవి లోకమంతట వ్యాపించినవి. మా నాయన కట్టిన బండ్లలో గుండ్లు లేవు. కొయ్య కుండలో ఇనుప గొట్టము, అందులో ఇరుసు, నడుమ ఆముదమును కాల్చిన గడ్డి మసియు కలిపిన కందెన. ఆ కందెన వెదురు గొట్టములో బండి క్రింద వ్రేలాడుచుండెడిది. అయినను ఆయన చెవికి రెండును ఒకటే.

"రెండో పక్క సూసినావా?" అని ఆయన మరల ప్రశ్నించెను. చూడలేదు.

శనివారము, భోగినాడు, తెల్లవారుజామున భోగిమంట చల్లారకముందే మేము స్పేరు పార్టుల అంగడి యజమానికి ఫోను చేసితిమి. పండుగైనను గంటసేపు తలుపు తీసెదనని ఆయన మాట యిచ్చెను. ఎడమ చక్రమునకు పాత బేరింగులనే మరల పెట్టుకొని, మెల్లగా హోసూరు పోయితిమి. ఆ అంగడి చూడదగినది. యజమాని మాతో తెలుగున మాటలాడును. బిల్లు తమిళమున వ్రాయును. గోడమీది పంచాంగము కన్నడము. డబ్బాలపైని అక్షరములు ఇంగ్లీషు. బేరింగను మాట మాత్రము అన్నిటను బేరింగే. రెండు చక్రములకును రెండు జతలు, క్రొత్త స్ప్లిట్ పిన్నులు, గ్రీజు డబ్బా కొంటిమి. ఏ చక్రము చెడినదో తెలియకయే రెండింటికిని కొనవలసి వచ్చెనుగదా యని మాకు సిగ్గు కలిగెను.

తిరిగి వచ్చునప్పుడు మా చిన్నవాడు తన సైన్సు పుస్తకమును గుర్తునకు తెచ్చుకొని, ఒక పరీక్ష చేయుదమనెను. ఎండిన చెరువు మైదానములో ఎవరును లేరు. అక్కడ కారును పాము నడకగా ఎడమకును కుడికిని త్రిప్పితిమి. ఎడమకు తిరుగునప్పుడు బరువు కుడి చక్రములమీదికి ఒరగును. కుడికి తిరుగునప్పుడు ఎడమవానిమీదికి. ఎడమకు తిరిగినప్పుడెల్ల గరగర హెచ్చెను. కుడికి తిరిగినప్పుడు ఎడమ చక్రపు సన్నని మ్రోత, అనగా మేము క్రొత్తగా కల్పించినది, కొంచెము వినబడెను గాని, పాత గరగర చాల వరకు తగ్గెను. ఇంటికి వచ్చి చక్రముల నడిమి మూతల దగ్గర చేయి పెట్టి చూచితిమి. ఎడమది గోరువెచ్చన. కుడిది చేయి నిలువనీయలేదు. అట్లు చేయి పెట్టునప్పుడు జాగ్రత్త. మొదట దూరమునుండి వేడి తగులుచున్నదేమో చూచుకొనవలెను.

ఇక పైకెత్తి చూచుట. వెనుక చక్రమును జాకీతో ఎత్తునప్పుడు హ్యాండు బ్రేకును నమ్మరాదు, ఏలయన అది పట్టునది వెనుక చక్రములనే. పరీక్షకు దానిని విప్పవలెను. ముందు చక్రములకు ముందును వెనుకను రాళ్లు పెట్టి, మొదటి గేరు వేసితిమి. కుడి చక్రమును చేతితో త్రిప్పగా ఒక చుట్టు తిరుగకముందే నిలిచిపోయెను. గట్టిగా తిరుగుచున్నదన్నమాట. అయితే చక్రము గట్టిగా తిరుగుటకు బ్రేకు కూడ కారణము కావచ్చును. షూ డ్రమ్మును వదలక పట్టియుండవచ్చును, తీగ బిగిసియుండవచ్చును. మేము తీగను వదులు చేసితిమి. అయినను గట్టిదనము పోలేదు. బ్రేకు పట్టినచో చక్రము మెత్తగా నిలుచును. బేరింగు చెడినచో ఇసుకలో తిరుగలి త్రిప్పినట్లు గరుకుగా నిలుచును. పైనను క్రిందను పట్టి ఊపగా "టక్కు" మని చిన్న ఆటము కూడ తగిలెను.

మా నాయన మంచము దగ్గరనుండి లేచి, చేతి కర్ర ఊతముతో వచ్చి, కారు ప్రక్క నీలుపీట వేయించుకొని కూర్చుండెను. కర్ర యొక కొనను ఇరుసునకు ఆనించి, రెండవ కొనను చెవి వెనుకనున్న యెముకకు ఆనించుకొని, "తిప్పు," అనెను. మా చిన్నవాడు త్రిప్పెను. ఎడమ చక్రమునకును అట్లే చేయించెను.

"ఎడం పక్కది జలుబు. కుడి పక్కది క్షయ," అని తీర్పు చెప్పెను.

ఆదివారము సంక్రాంతి. ఇంటిలో పొంగలి పొంగుచుండగా మేము ముంగిట కుడి చక్రము దగ్గర కూర్చుంటిమి. చక్రము నేలపై నున్నప్పుడే నడిమి మూత తీసి, స్ప్లిట్ పిన్నును నిటారు చేసి లాగి, కోట బురుజువలె గాడులున్న పెద్ద నట్టును వదులు చేసితిమి. పైకెత్తిన పిదప దానిని విప్పబోయిన కారు జాకీ మీదనుండి జారును. ఆ పిన్నును చూచి మా నాయన, "ఇదేనా? మన చీలే కదరా," అనెను. నిజమే. ఎద్దుబండి యిరుసు చివర చక్రము ఊడిపోకుండ దిగగొట్టు చీలకును, ఈ వంచిన తీగముక్కకును పని యొకటే. పాత పిన్నును తిరిగి పెట్టరాదు; ఒకసారి వంచిన తీగ రెండవసారి విరుగును.

నట్టు వచ్చెను, వాషరు వచ్చెను, డ్రమ్ము రాలేదు. ఎడమది చేతితో ఊడి వచ్చినదే! ఇది మాత్రము ఇరుసుతో ఏకమైనట్లు నిలిచెను. కొయ్య సుత్తితో చుట్టును తట్టితిమి. తుప్పు వదిలించు నూనె పోసి, పొంగలి తిని వచ్చు వరకు నాననిచ్చితిమి. బ్రేకు షూలను వెనుక ప్లేటు దగ్గరనుండి ముడిపించితిమి. రాలేదు.

అప్పుడు మాకొక ఉపాయము తోచినది. చక్రమును మరల డ్రమ్మునకు తగిలించి, నాలుగు నట్లను కొంచెమే ఎక్కించి, అరంగుళము సందు మిగిల్చి, రెండు చేతులతో చక్రమును వెలుపలికి గుంజినచో అదియే పెద్ద సుత్తివలె డ్రమ్మును లాగును. ఉపాయము మంచిదే. కాని కారు అప్పుడు జాకీ మీద మాత్రమే యున్నది. వానకు నానిన మా ముంగిటి మట్టిపై జాకీ క్రింద ఒక పలక యైనను వేయలేదు. నాలుగవ గుంజుకు జాకీ ఒరిగెను. కారు ప్రక్కకు జారి చక్రముతో సహా నేలను కొట్టుకొనెను. మా చిన్నవాని కాలు ఆ చోటికి జానెడు దూరమున నుండెను.

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఇంటిలోనుండి మా యిల్లాలు పరుగెత్తి వచ్చి, బిడ్డ కాలును తడిమి చూచి, మాతో ఏమియు అనక లోనికి పోయెను. అనియుండినచో మాకు మేలుగా నుండెడిది. మా నాయన మాత్రము ఊరకుండలేదు.

"బండి కింద కుదురు పెట్టకుండా సక్రం తీసినోణ్ణి మా అయ్య పనిలోంచి తరిమేసేటోడు. నీకు ఇన్నేండ్లొచ్చి ఏం లాభం? పో, ఆ చింతమొద్దు తీసుకోనిరా," అనెను.

ఆ చింతమొద్దు ఆయన యొకప్పుడు పూటీలు చెక్కుటకు వాడినది. దానిని మేమిద్దరము దొర్లించుకొని వచ్చి, జాకీ క్రింద మందపు పలక వేసి, కారును మరల ఎత్తి, మొద్దును దూలము క్రింద నిలిపి, కారు బరువును దానిపై దించితిమి. ఇటుకలుగాని, సిమెంటు దిమ్మలుగాని పెట్టరాదు. అవి చెప్పక పగులును. జాకీ ఎత్తుటకేగాని మోయుటకు కాదు. తల్లిదండ్రులు మిగిలిన వ్యాసమును మరచినను ఈ యొక్క మాట గుర్తుంచుకొందురు గాక. బిడ్డను దూరముగా నిలిపి మేమొక్కరమే గుంజితిమి. ఏడవ గుంజుకు డ్రమ్ము ఊడి మా ఒడిలో పడెను. దానివెంట ఎఱ్ఱని తుప్పు నీరును, గ్రీజునకు బదులు బురదవంటి ముద్దయు, నాలుగైదు గుండ్లును రాలినవి. పంజరము ముక్కలై యుండెను. కార్తీకపు వంక నీరు ఆ రెండు నెలలు అక్కడనే కాపురముండినది!

అయినను పని ముగియలేదు. లోపలి బేరింగు యొక్క లోపలి వలయము ఇరుసు మొదట కరచుకొని నిలిచియుండెను. దానికి పుల్లరు గోళ్లు అందలేదు. అందులకు మార్గమొకటే. చిన్న గ్రైండరుతో వలయములో అడ్డముగా గాడి కోసి, ఇరుసును తాకుటకు వెండ్రుకవాసి ముందు ఆపి, ఆ గాడిలో ఉలి నుంచి ఒక దెబ్బ కొట్టవలెను. గట్టి ఉక్కు వంగదు, పగులును. పగిలిన వెంటనే పట్టు వదలును. ఇరుసును గాయపరచినచో క్రొత్త బేరింగు కుదురదు గనుక, ఆ కోత కోయుటకు మాకు అరగంట పట్టెను.

ఉలి పట్టుకొనబోవు సమయమున మా యిల్లాలు వచ్చి స్కూటరు హెల్మెట్టును మా తలపై నుంచి, అద్దమును క్రిందికి దించి, అప్పుడును ఏమియు మాటలాడక పోయెను. దెబ్బకు వలయము "టిక్" మని పగిలెను. ఆవగింజంత ముక్క యొకటి ఎగిరి అద్దమును తాకెను. ఆ గీత నేటికిని ఆ అద్దముపై కుడి కంటికి నేరుగా ఉన్నది. ఆ హెల్మెట్టును మార్చుటకు మా యింటిలో అనుమతి లేదు.

తరువాతి పని సుఖముగా జరిగెను. ఇరుసును గరుకు కాగితముతో తుడిచితిమి. బ్రేకు పొడిని నోటితో ఊదక తడిగుడ్డతో తీసితిమి. ఆ పొడి ఊపిరిలోనికి పోరాదు. క్రొత్త బేరింగులను రాత్రి నుండి ఫ్రిజ్‌లో ఉంచియుంటిమి. చలికి ఉక్కు సంకోచించును. డ్రమ్మును వేడినీటిలో ముంచి తుడువగా అది వ్యాకోచించును. ఇది మా చిన్నవాని పాఠములోనిదే. పాత బేరింగు వెలుపలి వలయమును క్రొత్తదాని వెలుపలి వలయముపై బోర్లించి, ఈసారి సరియైన చోటనే కొట్టుచు, మూసియున్న వైపు వెలుపలికి వచ్చునట్లు దించితిమి. రెండు బేరింగులకు నడుమ నొక ఇనుప గొట్టపు ముక్క ఉండవలెను. రెండవ బేరింగును కొట్టుటకు సుత్తి ఎత్తగా మా చిన్నవాడు, "నాయనా, ఇదేంది మిగిలిపోయె?" అని కిరసనాయిలు పళ్లెమునుండి ఆ ముక్కను తీసి చూపెను. అది లేక బిగించియున్నచో నట్టు బిగువు బేరింగులను నలిపివేసెడిది. ఎత్తిన సుత్తిని మెల్లగా దించితిమి.

నట్టు దగ్గర మా నాయనకును మాకును వాదము కలిగెను. "బిగించి, మళ్లా గోరంత వదులు పెట్టు. ఇరుసుకు ఊపిరాడల్ల," అని ఆయన పట్టుదల. ఎద్దుబండికి అది నిజము. ఏటవాలు రోలర్లున్న బేరింగులకును కొంత నిజమే. కాని మా కారునకు గుండ్ల బేరింగులు. నడుమ గొట్టము కొలత ప్రకారము ఉన్నది. నట్టును పుస్తకములో చెప్పిన బిగువుకు బిగింపవలసినదే, వదులు చేయరాదు. ఆయన ఒప్పుకొనలేదు. "పుస్తకం బండి ఎక్కుతాదా?" అనెను. ఆయన మాట త్రోసివేసి పని చేయుట మాకదే మొదటిసారి కాదు గాని, ఆయన కండ్ల యెదుట చేయుట మొదటిసారి. ప్రక్కింటివారి టార్కు రెంచి తెచ్చి బిగించి, గాడికి రంధ్రము సరిపడగా క్రొత్త పిన్ను దూర్చి వంచితిమి. ఆయన ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను.

మా చిన్నవాడు చక్రమును త్రిప్పెను. శబ్దము లేదు. అది తిరుగుచునే యుండెను. కొంతసేపటికి మా నాయన కర్రను ఇరుసునకు ఆనించి వినెను. తీసెను. మరల ఆనించి వినెను.

"సరే, ఎడంది కూడా ఇట్లే బిగించు. మిణుకు మిణుకుమంటా సందేళయితా ఉండాది," అని మాత్రము పలికెను.

ఎడమ చక్రపు పని దీపముల వెలుతురున రాత్రి తొమ్మిది గంటలకు ముగిసెను.

సోమవారము తెల్లవారుజామున వీథిలోని యెద్దుల కొమ్ములకు రంగులు పూయుచుండగా బయలుదేరితిమి. వంక దాటునంతవరకు మా నాయన మాటలాడలేదు. వంకలో అప్పుడు నీరు లేదు, ఇసుకయే. తారురోడ్డు ఎక్కిన పిదప వేగము పెంచితిమి. నలుబది, ఏబది, అరువది. గాలి చప్పుడు, ఇంజను చప్పుడు, అంతే. ఆయన కన్నులు మూసికొని యుండుటచే నిద్రించెనని తలచితిమి.

ఆస్పత్రి ద్వారము దగ్గర చక్రముల బండి తెచ్చుటకు మేము లోనికి పోయి తిరిగి వచ్చు లోపల, ఆయన తానుగా దిగి, కారును పట్టుకొని వెనుకకు నడచి, వంగి కుడి చక్రపు మూతమీద అరచేయి పెట్టి నిలిచియుండెను. తరువాత అటు తిరిగి పోయి ఎడమదానిమీదను పెట్టెను. సూదుల గుర్తులతో నల్లబడిన ఆ చేతిని కొంచెముసేపు అక్కడనే యుంచెను.

"రెండూ సల్లగానే ఉండాయి," అని, చక్రముల బండి వలదని చేయి యూపి, కర్రతో లోనికి నడచెను.

ఎడమ చక్రమునుండి మేము తీసి చెడగొట్టిన మంచి బేరింగును మా చిన్నవాడు కడిగి, తన బల్లపై కాగితములు ఎగిరిపోకుండ పెట్టుకొనెను. దానిని వ్రేలితో త్రిప్పినచో ఇప్పటికిని గరగర మనుచున్నది.